మామ్మగారు చెయ్యి తీసేసిన రోజు

నా కుడిచేతి వేళ్ళు మొద్దుబారడం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. నాకు తెలిసింది మాత్రం ఒక సాయంత్రం. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి కాఫీ గ్లాసు పట్టుకున్నాను. గ్లాసు కాలుతోందని బొటనవేలికి తెలిసింది, చూపుడువేలికి తెలిసింది. చిటికెనవేలికీ దాని పక్కదానికీ తెలియలేదు. ఆ రెండు వేళ్ళూ ఎవరివో తెచ్చి నా చేతికి అతికించినట్టు ఉన్నాయి. కాసేపు వాటిని అలా చూస్తూ కూర్చున్నాను. భయం వెయ్యలేదు. వింతగా అనిపించింది, అంతే.

మేము గుడివాడలో ఉంటాం. నేను ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, కాగితాల మీద ఉన్న పేర్లూ సర్వే నంబర్లూ తెర మీదికి ఎక్కిస్తుంటాను. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. మా ఆయన ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. పొద్దున్నే వెళ్ళి చీకటిపడే వేళకి వస్తారు. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మొద్దుబారడం వెనకాలే నొప్పి వచ్చింది. మెడ కింద పుట్టి, కుడి రెక్క కిందికి జారి, మోచేతి వెనక నుంచి చిటికెనవేలిదాకా, బోదెలోకి నీళ్ళు వదిలినట్టు పారేది. డాక్టరు స్కాను తీయించి చూపించారు. మెడ ఎముకల మధ్య ఉండే మెత్త అరిగిందట. అక్కణ్ణించి చేతిలోకి వచ్చే నరం నలుగుతోందట. ఆపరేషన్ దాకా వెళ్ళక్కర్లేదన్నారు. మాత్రలు రాసి, మెడకి పట్టీ ఇచ్చి, ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు. అక్కడ నేర్పిన వ్యాయామాలు పదిరోజులు చేశాను. పదకొండో రోజు మానేశాను. తప్పు వాళ్ళది కాదు, నాదే.

మాత్రలు మాత్రం మానలేదు. అవి వేసుకుంటే నొప్పి పోయేది కాదు, నేనే నొప్పికి కొంచెం దూరం జరిగేదాన్ని. ఆ నెలలన్నీ నాకు నీళ్ళ అడుగు నుంచి చూసినట్టు గుర్తున్నాయి. ఆఫీసులో మాటలు గోడ అవతల నుంచి వినిపించేవి. కూర తాలింపు వేసి, వేశానో లేదో అని మళ్ళీ మూకుడు వైపు చూసేదాన్ని. ఒకసారి ఆయన భోజనం ముందు కూర్చుని, ఏవిటి అలా నవ్వుతున్నావని అడిగారు. నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

మా ఆఫీసులో అటెండరుగా చేసే ఆవిడది దివిసీమ. నేను కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో టైపు చెయ్యడం చూసి, వాళ్ళ ఊళ్ళో ఒళ్ళు పట్టే మామ్మగారు ఒకావిడ ఉన్నారని చెప్పింది. ఒకప్పుడు పురిటి స్నానాలు చేయించేవారట. బాలింతలకీ పసిపిల్లలకీ నూనె పట్టి పట్టి ఆ చేతులకి ఒంటి లోపలి సంగతి తెలిసిపోయిందని, నడుం పట్టేసినవాళ్ళూ నరాలు లాగేవాళ్ళూ ఎక్కడెక్కడి నుంచో వస్తారనీ చెప్పింది. నాకు నమ్మకం లేదు. కాని ఆదివారం ఇంట్లో కూర్చుని చేసేదీ లేదు. వెళ్ళాను.

నాట్లు పడుతున్న రోజులు. గుడివాడలో బస్సెక్కి, పామర్రు మీదుగా చల్లపల్లి వెళ్ళి, అక్కడ అవనిగడ్డ బస్సు మారాను. దారి పొడుగునా మడుల్లో నీళ్ళు నిండి, ఆకాశం కిందికి దిగి పడుకున్నట్టుంది. పులిగడ్డ దగ్గర అక్విడెక్టు మీదికి బస్సెక్కినప్పుడు కిటికీలోంచి చూశాను. కింద కృష్ణ పాయ. పైన, మా పక్కనే, బస్సుతో పాటే వస్తూ కాలువ. నది మీదుగా ఇంకో నీరు నడిచి వెళ్తోంది, రెండూ ఒకదానికొకటి తగలకుండా. ఆ దారిన ఎంతోమంది రోజూ తిరుగుతారు, ఎవరూ తల తిప్పి చూడరు. నేను మాత్రం మాత్రల మత్తులో ఉన్నానేమో, అది నిజంగా చూస్తున్నానో కల కంటున్నానో తెలియక, ఎడమచేత్తో కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను.

అవనిగడ్డలో దిగి ఆటోలో ఆ ఊరు చేరాను. మామ్మగారికి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉన్నారు. పెడనలో నేతపనివాళ్ళింట పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చారట. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పెద్దవి, వెడల్పాటి బొటనవేళ్ళతో. నేను వెంటనే పడుకోబెట్టి పట్టేస్తారనుకున్నాను. ఆవిడ ముందు కాగితాలు తెచ్చావా అని అడిగారు. చదువు రాదు. స్కాను రిపోర్టులో ఉన్నది నన్ను చదవమన్నారు. అందులో ఉన్న ఇంగ్లీషు ముక్కలకి నాకు తెలిసినంతలో అర్థం చెప్పాను. తరవాత వరసగా అడిగారు. జ్వరం వస్తోందా, ఒళ్ళు తగ్గుతోందా, కాళ్ళు తడబడుతున్నాయా, ఒంటికీ రెంటికీ వెళ్ళడం మామూలుగానే ఉందా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయా. నా బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఒక తమలపాకు పెట్టి, గట్టిగా పట్టుకోమని, లాగి చూశారు. ఆకు చిరిగింది కాని జారలేదు.

"పట్టు ఉంది. చెయ్యి వెయ్యచ్చు. నలిగిన నరాన్ని నేను ఏమీ చెయ్యలేనమ్మా. దాని చుట్టూ కండ భయపడి బిగుసుకుపోయింది చూడు, దాన్ని వదులు చేస్తాను. అప్పుడు నరానికి కాస్త చోటు దొరుకుతుంది," అన్నారు.

చిన్న గది. కిటికీకి పాత కలంకారీ దుప్పటి కట్టి ఉంది. ఎండ దాన్లోంచి వడగట్టుకుని వచ్చి గదంతా ఎర్రమట్టి రంగులో ఉంది. సన్నటి చెక్కబల్ల మీద చాప. బోర్లా పడుకున్నాను. వేడినీళ్ళ గిన్నెలో పెట్టిన నువ్వులనూనె, కాచిన వావిలాకు వాసన. ముందు ఆ వావిలాకు నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, భుజం మీద కాపడం పెట్టారు. మెడ ఎముకని ముట్టుకోలేదు. మెడకీ భుజానికీ మధ్య గట్టులా ఉండే కండ దగ్గర మొదలుపెట్టారు. నూనె చెయ్యి నెమ్మదిగా వచ్చి, ఏదో వెతుక్కుంటున్నట్టు ఆగి, మళ్ళీ కదిలి, రెక్క ఎముక అంచు కింద ఒకచోట నిలబడింది. బొటనవేలు అక్కడ దిగింది. ఆవిడ నొక్కింది రెక్క కింద, మెరుపు వచ్చింది చిటికెనవేలిలో.

"ఇక్కడుంది ముడి. ఊపిరి బిగపట్టకు. వదులు," అన్నారు.

వదిలాను. ఆవిడ రుద్దలేదు, కుదపలేదు. వేలు అక్కడే పెట్టి ఉంచారు, తలుపు కొట్టి లోపలివాళ్ళు తీసేదాకా నిలబడ్డ మనిషిలా. చాలాసేపటికి లోపల ఏదో కరిగింది. వెల్లకిలా తిరగమనేసరికి నేను ఎక్కడున్నానో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ తరవాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఆ బల్ల మీద నేను నిద్రపోయేదాన్ని కాదు, మెలకువగానూ ఉండేదాన్ని కాదు. మధ్యలో ఒక చోటు ఉండేది. అక్కడికి మా బందరు ఇల్లు వచ్చేది. నాన్న స్కూల్లో గుమాస్తా. వేసవిలో డాబా మీద ఒకే చాప మీద అక్కా నేనూ పడుకునేవాళ్ళం. అక్క నా వీపు మీద వేలితో అక్షరాలు రాసేది. ఏం రాసిందో నేను చెప్పాలి. నాకు తెలిసినా తెలియనట్టు మళ్ళీ రాయమనేదాన్ని, ఆ వేలు వీపు మీద తిరుగుతుంటే హాయిగా ఉండేదని. మామ్మగారి చెయ్యి వెన్ను పక్కన కదులుతుంటే ఒక్కోసారి అది "అ" అనీ, "మ" అనీ నాకు అనిపించేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆవిడ చూసినా చూడనట్టే ఉండేవారు.

ఎందుకంటే అక్కకీ నాకూ అప్పటికి నాలుగేళ్ళుగా సరిగ్గా మాటల్లేవు.

అక్క ఉండేది చిలకలపూడిలో. మా బావగారు రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తారు. అక్క కింద కూర్చుని చెవి దుద్దులకి రాళ్ళు అతికిస్తుంది. నాన్న పోయాక అమ్మ అక్క దగ్గరే ఉంది. అమ్మ ఆఖరి రోజుల్లో మా ఆఫీసులో రికార్డులన్నీ కంప్యూటర్లోకి మార్చే పని గడువు మీద పడింది, సెలవు దొరకలేదు. దొరకలేదు అని ఇప్పుడు రాస్తున్నాను కాని, ఇంకొంచెం గట్టిగా అడగలేదన్నది నిజం. నేను వెళ్ళేసరికి అమ్మని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పదోరోజు కర్మ అయ్యాక అక్క వంటింట్లో నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది. అమ్మ చివరిదాకా నా పేరే పిలిచిందట. గుమ్మం వైపే చూస్తూ పోయిందట.  ఆ రోజే గుడివాడ వచ్చేశాను. ఆ తరవాత పండగలకీ పెళ్ళిళ్ళకీ ఫోన్లు. బాగున్నారా అంటే బాగున్నాం. అంతవరకే.

మామ్మగారి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టిన మూడు నెలలకి నాకు తేడా తెలిసింది. ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుంటే చిటికెనవేలు చురుక్కుమంది. మళ్ళీ మళ్ళీ పట్టుకుని చూశాను. ఒక్క మర్దనా వల్లే అది జరిగిందని చెప్పను. ఆవిడే చెప్పనివ్వలేదు. నేను మానేసిన వ్యాయామాలు నాచేత గదిలో తన ఎదురుగా చేయించేవారు, గడ్డం వెనక్కి లాగడం, భుజాలు వెనక్కి తిప్పడం. ఆఫీసులో కుర్చీ ఎత్తు పెంచుకోమన్నారు. గంటకోసారి లేచి నిలబడమన్నారు. వారానికోసారి తను పట్టేది, ఆరు రోజులు నేను బిగించుకోకుండా ఉంటేనే నిలుస్తుందనేవారు. డాక్టరు గారిని అడిగితే ఆయన కూడా కానివ్వమని, మాత్రలు తగ్గించారు. లోకం మెల్లగా నా దగ్గరికి జరిగింది.

కోతల రోజుల్లో బందరులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కని చూశాను. భోజనాల బంతిలో కూర్చున్నది లేవడానికి పక్కన గోడ పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి లేచింది. జాకెట్టు చేతులు వదులైపోయాయి. దగ్గరికి వెళ్ళి ఏమైందని అడిగాను. నడుం నొప్పి, ఐదారు నెలలుగా, అంది. రోజంతా వంగి కూర్చునే పని కదా, అందరికీ ఉండేదే అంది. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటోందట. బావగారు ఆసుపత్రికి వెళ్దామంటే పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూద్దామందట.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. నేను ఒక చోటికి వెళ్తున్నానని, నా చెయ్యి బాగైందని, తనని కూడా తీసుకెళ్తానని చెప్పాను. అక్క నా మొహంలోకి చూసింది. నాలుగేళ్ళ తరవాత అలా చూడటం. వస్తానంది.

ఆ ఆదివారం నేను పొద్దున్నే చిలకలపూడి వెళ్ళి అక్కని వెంటబెట్టుకుని బయల్దేరాను. బస్సులో గతుకు వచ్చినప్పుడల్లా అక్క ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకునేది. కోసిన వరి పనల మీద మంచు ఇంకా ఆరలేదు. నేను లోలోపల చాలా సంతోషంగా ఉన్నాను. ఆ ఎర్రమట్టి రంగు వెలుగులో అక్క పడుకుని ఉండటం, మామ్మగారి చేతులు, లేచాక అక్క మొహం, అన్నీ ముందే చూసేశాను.

మామ్మగారు అక్కని కూడా అన్నీ అడిగారు. అక్క అన్నిటికీ లేదు లేదు అంది. కాగితాలేమీ లేవంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుందా అంటే మాత్రం కాస్త ఆలోచించి, అలసటకి అప్పుడప్పుడు అంది. బల్ల మీద బోర్లా పడుకుంది. నేను గోడ పక్కన పీట మీద కూర్చున్నాను. అక్క వీపు నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఎముకలు లెక్కపెట్టేట్టు ఉన్నాయి.

మామ్మగారు నూనె చెయ్యి నడుం మీద పెట్టారు. ఒత్తలేదు. వెన్ను పొడుగునా పైనుంచి కిందికి రెండు వేళ్ళతో నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చారు. నడుం పైన ఒకచోట వేళ్ళు ఆగాయి. అక్కడ వెన్నుపూస ఒకటి కొంచెం బయటికి పొడుచుకొచ్చినట్టు ఉందని ఆవిడ వేళ్ళు ఆగాక నాకూ కనిపించింది. వేలి కణుపుతో దాని మీద తాకీ తాకనట్టు తట్టారు. అక్క ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది.

మామ్మగారు రెండు చేతులూ తీసేశారు.

 ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, నూనె గిన్నె మీద మూత పెట్టారు. అక్కని వెంటనే లేవద్దని, పక్కకి ఒత్తిగిల్లి మోచెయ్యి ఆనించి లేవమని చెప్పి, తనే భుజం పట్టి లేపారు.

"ఇది నేను ముట్టుకునే నొప్పి కాదమ్మా. ఎముకలో ఏదో ఉంది. ఎవరిచేతా పట్టించుకోకు. ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి," అన్నారు.

అక్కకి కోపం వచ్చింది. ఇంతదూరం ఇందుకు తీసుకొచ్చావా అన్నట్టు నా వైపు చూసి, చీర సర్దుకుంటూ, పెళ్ళిళ్ళ సీజను అయ్యాక వెళ్తానంది. నాకూ చిన్నతనంగానే అనిపించింది. నేను ఇన్ని నెలలుగా నమ్మిన చేతులు మా అక్కని వద్దన్నాయి. కాస్త నూనె రాసి పంపండి మామ్మగారూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆవిడ కోడల్ని పిలిచి, మిగిలినవాళ్ళు వస్తే ఇవాళ లేదని చెప్పమని, చీర మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని వచ్చారు. మీరెక్కడికండీ అన్నాను. మీతోనే, బందరు, అన్నారు. నేను రాకపోతే మీ అక్క ఇంటికి వెళ్ళిపోతుంది, నువ్వు వెళ్ళనిస్తావు అన్నారు. అది నిజమే.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. నేనూ మామ్మగారూ వెనక సీట్లో. అక్విడెక్టు దాటాక ఆవిడ తగ్గుగొంతుతో, ముందు సీటు వెనక భాగాన్ని చూస్తూ చెప్పారు.

"పాతికేళ్ళ కిందట మా పక్కూరి రైతు ఒకాయన వచ్చాడు. ఇలాగే వెన్నుపూస ఒకటి ఎత్తుగా ఉండేది. ఎముక జరిగిందనుకున్నాను. నాకు అన్నీ తెలుసుననుకునే వయసది. ఎనిమిది రోజులు ఒత్తాను. తొమ్మిదో రోజు ఆయన మంచం దిగలేకపోయాడు. కాళ్ళు పడిపోయాయి. లోపల జబ్బు ఉందని ఆసుపత్రిలో చెప్పారట. నా వల్ల పోయాయో, ఎలాగూ పోయేవో నాకు తెలీదు. ఆయన నన్నొక్క మాట అన్లేదు. వాళ్ళ వాకిలి ముందు నుంచి నేను వెళ్తుంటే నమస్కారం పెట్టేవాడు, మంచం మీంచి. ఆ తరవాతే నేను అన్నీ అడగడం మొదలుపెట్టాను."

 ఆవిడ పెద్దచేతులు ఒళ్ళో సంచీ మీద అలా పడి ఉన్నాయి. బయట గడ్డివాములు ఒకటి తరవాత ఒకటి వెనక్కి వెళ్ళిపోతున్నాయి.

ఆదివారమైనా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు. అక్కని పరీక్ష చేసి, కాళ్ళ బలం చూసి, అరికాలు మీద గీసి, అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయించింది. మర్నాడు స్కాను, రక్తపరీక్షలు అంది. రాస్తూ రాస్తూ తల ఎత్తి, దీని మీద ఎవరైనా మర్దనా చేశారా అని అడిగింది. మా ముగ్గురి దగ్గరా నువ్వులనూనె వాసన వస్తోంది.

"నేను చెయ్యి వేశానండీ. వెయ్యగానే తీసేశాను," అన్నారు మామ్మగారు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగింది. ఎక్కడ తెలిసింది, ఎలా తెలిసిందని అడిగింది. మామ్మగారు తన వేలి కణుపుతో బల్ల మీద తట్టి చూపించారు. మంచి పని చేశారండీ అంది డాక్టరమ్మ, చాలా నెమ్మదిగా. మామ్మగారు కళ్ళు దించుకున్నారు. ఆ మాట ఎన్నేళ్ళుగా ఎవరి నోటి నుంచో వినాలని ఉండి ఉంటుందని నాకు తరవాత ఎప్పుడో తట్టింది.

వెన్నుపూసకి క్షయ. ఊపిరితిత్తులకే వస్తుందనుకున్నాం, ఎముకకీ వస్తుందట. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే లోపలి చీము నరాల మీద ఒత్తి, కాళ్ళు పడిపోయేవని చెప్పారు. ఆపరేషన్ లేకుండానే, బెల్టు పెట్టి, పూర్తి విశ్రాంతితో, ఏడాదికి పైగా మాత్రలు వాడాలన్నారు.

నేను నెల రోజులు సెలవు పెట్టాను. ఈసారి గట్టిగానే అడిగాను. చిలకలపూడిలో అక్క మంచం పక్కన చాప వేసుకున్నాను. ఆ నెల నాకు నెలలా లేదు. వీధిలో నగల పనివాళ్ళ సుత్తుల చప్పుడు పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి సన్నబడి, మళ్ళీ సాయంత్రం అందుకునేది. కిటికీలోంచి ఎండ వచ్చి అక్క పాదాల దగ్గర మొదలై, మోకాళ్ళదాకా పాకి, వెళ్ళిపోయేది. అక్క ఎక్కువగా నిద్రలోనే ఉండేది. మాత్రలకి మొదట్లో వాంతులు. బావగారు జావ కాచి తెచ్చి, చల్లారబెట్టి ఇచ్చేవారు.

మంచం మీద పడుకుని పడుకుని కాళ్ళు సన్నబడుతున్నాయని డాక్టరమ్మతో చెబితే, వీపు జోలికి వెళ్ళకుండా పిక్కలకీ పాదాలకీ నూనె రాసి, మెల్లగా కదిలించవచ్చంది. ఎలాగో మామ్మగారిని ఫోనులో అడిగాను. ఆవిడ తన గదిలో కూర్చుని చెబుతుంటే నేను స్పీకరు పెట్టుకుని చేసేదాన్ని. పాదం నుంచి పైకి, గుండె వైపుకి. పిక్కని గుప్పిట్లో పట్టి పిండకు, అరచేతి నిండుగా పట్టుకో. నీ ఊపిరి హడావిడిగా ఉంటే నీ చెయ్యీ హడావిడిగా ఉంటుంది. అలాంటివి. చేతుల్లోకి ఎంత వినికిడి వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. అక్క పాదం చల్లగా ఉందా, నొప్పి దాచుకుంటోందా, నిద్రలోకి జారుతోందా, అన్నీ అరచేతికి వినిపించేవి.

ఒక మధ్యాహ్నం అలా పడుతుండగా, నిద్రపోయిందనుకున్న అక్క కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"అమ్మ నిన్ను పిలవలేదే."

నా చేతులు ఆగాయి.

"ఎవర్నీ పిలవలేదు. ఆఖరి నాలుగు రోజులూ నన్ను కూడా గుర్తుపట్టలేదు. నేను అన్నం పెడితే నువ్వెవరమ్మా అని అడిగింది. ఆరేళ్ళు నేను చేసి, నన్ను ఎవరని అడిగితే, నువ్వు వచ్చి ఒక మూల కూర్చుని ఏడుస్తుంటే, నాకు ఒళ్ళు మండింది. అందుకని అన్నాను."

 నాలుగేళ్ళుగా నా చెవిలో ఉన్న ఒక పిలుపు అసలు లేనే లేదని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. తేలికపడ్డాననుకుంటారు. మొదట వచ్చింది కోపమే. ఆ తరవాత, తన ఒంటి మీద ఒక్క చెయ్యి పడని ఆరేళ్ళు, అక్క ఒక్కతే అమ్మని లేపడం, కూర్చోబెట్టడం, ఒత్తిగిలబెట్టడం కళ్ళ ముందు మెల్లగా వచ్చాయి. నేను రెండో కాలు అందుకున్నాను. అక్క కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, నూనె చెయ్యి కాకుండా మోచేత్తో తుడవబోయాను. అది కుదరక ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ మాటతో నా మెడ నొప్పి మాయమైందని రాస్తే బాగుంటుంది. కాలేదు. మెడ నొప్పి కుర్చీ వల్ల వచ్చింది, కుర్చీ సరిచేసుకుంటే తగ్గింది. చలికాలంలోనూ, పని ఎక్కువైనప్పుడూ మళ్ళీ తొంగిచూస్తుంది. వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టి, వ్యాయామాలు చేసుకుంటాను.

అక్క మూడు నెలలకి లేచి కూర్చుంది. నాలుగో నెలలో బెల్టు పెట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. ఏడాదిన్నరకి డాక్టరమ్మ కొత్త స్కాను చూసి, ఇక మాత్రలు చాలంది. ఇప్పుడు అక్క కింద కూర్చోదు, బావగారు చేయించిన ఎత్తు బల్ల దగ్గర కూర్చుని రాళ్ళు అతికిస్తుంది. మామ్మగారి బొటనవేళ్ళకి కీళ్ళు వాచి, నిరుడు ఆవిడ ఒళ్ళు పట్టడం మానేశారు. ఎవరైనా వస్తే మాత్రం కూర్చోబెట్టి అన్నీ అడిగి, డాక్టరు దగ్గరికో, ఫిజియోథెరపీకో, ఇంటికో పంపిస్తారని అటెండరావిడ చెబుతుంది.

మొన్న కార్తీకంలో అక్కా నేనూ పొద్దున్నే మంగినపూడి సముద్రానికి వెళ్ళాం. ఇసక నల్లగా, మెత్తగా, కాలు పెడితే చీలమండదాకా దిగుతోంది. అలలు పెద్దగా లేవు. పొగమంచులో నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని లోపలికి నడిచింది. మోకాళ్ళు, తొడలు, నడుం. నేను ఒడ్డు నుంచి చాలు చాలంటున్నాను. తను వెనక్కి తిరగకుండా చెయ్యి వెనక్కి చాపింది, రమ్మని. చెప్పులు చేత్తో పట్టుకుని నేనూ నీళ్ళలోకి దిగాను.